సగం గుర్రం

పోయిన వారం త్రివేణిని ఒక నల్లగుడ్డ ముందు నిలబెట్టి వదిలేసి వచ్చాం. ఆ గుడ్డ తీయించేద్దాం. అంతకుముందు, కొత్తగా కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు.

త్రివేణిది నంద్యాల. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కి దగ్గర్లో ఉన్న ఒక చిన్న మ్యూజియంలో క్యూరేటర్‌గా పనిచేస్తోంది. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, దాని పక్కన గోడమీద ఏం రాయాలో చూసుకునే ఉద్యోగం. ఆమె చదివింది పెచెనెగ్‌ల గురించి. వెయ్యేళ్ళ కిందట నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల్లో బండ్లూ గుర్రాలూ మందలూ వేసుకుని తిరిగిన టర్కిక్ సంచార జాతి అది. ఇప్పుడా పేరు చెప్పుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. నంద్యాల పిల్లకి వాళ్ళతో ఏం పనమ్మా అని అడగని బంధువు లేడు. ఎవరో ఒకరు వాళ్ళ సంగతి చూడాలి కదా అని ఆమె జవాబు.

ఉక్రెయిన్ దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో మ్యూజియం నడిపే ఒక్సానా అనే పెద్దావిడ, యుద్ధం తన ఊరి మీదికి వచ్చిపడ్డాక, ఒక పెచెనెగ్ సమాధిలో దొరికిన ఎముకలన్నీ తన చేత్తోనే పెట్టెల్లో సర్ది, త్రివేణిని నమ్మి అమెరికా పంపించింది. గుర్రపు పుర్రెని తను కప్పుకునే ఉన్ని శాలువాలో చుట్టి మరీ పంపింది. ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగి అప్పజెబుతానని త్రివేణి ఆవిడకి వీడియో కాల్‌లో మాటిచ్చింది. ఆ ఎముకల ప్రదర్శన ఇవాళ సాయంత్రమే మొదలు. ఒక్సానా కూడా వస్తోంది, ఆవిడ ఎక్కిన విమానం అప్పటికే డెట్రాయిట్‌లో దిగింది. ఖర్చంతా పెట్టుకున్నది ధర్మారావు గారు, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో పెద్ద కంపెనీ ఉన్నాయన. వేరే రాష్ట్రంలో ఉన్న ఆష్‌బర్న్‌కి ప్రసంగానికి వెళ్ళిన త్రివేణి ఈ మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి, తను వెళ్ళేటప్పుడు లేని నల్లగుడ్డ ఒకటి గాజుపెట్టె మీద కప్పి ఉంది. పక్కన ధర్మారావు గారు పట్టు కండువాతో, ఆయన పక్కన త్రివేణి భర్త శశికాంత్ కొత్త చొక్కాతో. ఇద్దరి ముఖాల్లోనూ పెళ్ళివారి కళ. ఓపెనింగ్ దాకా ఆగమ్మా, సర్‌ప్రైజ్ అని ఆయన అంటూనే ఉన్నారు.

త్రివేణి గుడ్డ పట్టుకుని లాగేసింది.

లోపల మనిషి ఎప్పటిలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల పడమటికి, చేతులు పక్కలకి. అతని ఎడమపక్కన ఉండవలసింది ఒక గుర్రపు పుర్రె, నోట్లో ఇనప కళ్ళెం, నాలుగు కాళ్ళ కింది భాగాలు, అంతే. ఇప్పుడు అక్కడ ఒక పూర్తి గుర్రం పడుకుని ఉంది. మెడ ఉంది, వెన్నెముక ఉంది, పక్కటెముకలు వరసగా ఉన్నాయి, తోక కూడా ఉంది. అన్నీ లేత పసుపు రంగు ప్లాస్టిక్. అసలు ఎముకల రంగుకి దగ్గరగా వచ్చేలా ఎవరో శ్రద్ధగా రంగు కలిపారు. ఏది నేలలోంచి వచ్చిందో, ఏది ఫ్యాక్టరీలోంచి వచ్చిందో దూరం నుంచి చూసేవాళ్ళకి తెలిసే వీల్లేదు.

గోడమీద ఆమె రాసిన మాటలు కూడా లేవు. ఈ మనిషి పోయినప్పుడు అతని గుర్రాన్ని చంపి, మాంసం వండి, చావుకి వచ్చినవాళ్ళందరూ తిన్నారని ఆమె రాసింది. ఆ చోట ఇప్పుడు, పెచెనెగ్‌లు గుర్రాన్ని ప్రాణంగా ప్రేమించేవారు అని అందమైన అక్షరాల్లో ఉంది.

త్రివేణికి ఒళ్ళు మండిపోయింది. అరిచే మనిషి కాదు. అరవకపోతే ఇంకా భయంగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఇది ఎవరు చేయించారని మెల్లగా అడిగింది. తనేనని ధర్మారావు గారు సంతోషంగా ఒప్పుకున్నారు. డైరెక్టర్ హెలెన్‌ని కూడా అడిగే చేయించారట. ప్లాస్టిక్ ముక్కలు పక్కన పేర్చుకోవడానికి ఆమె ఒప్పుకుంది, గోడమీది మాటలు మార్చడానికీ ఒప్పుకుంది. డబ్బిచ్చే మనిషిని కాదనడం హెలెన్‌కి ఎప్పుడూ చేతకాదు.

“చూడమ్మా, సాయంత్రం మన పిల్లలంతా వస్తున్నారు. గుర్రాన్ని వండుకు తిన్నారని గోడమీద చదివితే ఏమైపోతారు? పైగా నా పేరున్న చోట సగం జంతువేంటి, అశుభం కాదూ? అందుకే ఫుల్‌గా చేయించాను. మీ ఆయనే డిజైన్ చేశాడు, వాళ్ళ ఫ్రెండ్ షాప్‌లో త్రీ-డీ ప్రింట్ చేయించాడు. ఎంత బాగా కుదిరిందో చూడు” అన్నారాయన.

శశికాంత్ కార్ల విడిభాగాలు తయారు చేసే కంపెనీలో ఇంజినీరు. ఏది ఎక్కడ బిగించాలో చూడగానే చెప్పగలడు. భార్య మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ, మెడకీ తలకీ మధ్య అతుకు కనబడకుండా ఎలా తెచ్చాడో చెప్పడం మొదలుపెట్టాడు. త్రివేణి అతని వైపు తిరగలేదు. ముందు ఈయన సంగతి తేలాలి అనుకుంది.

ఆ జాతిలో మనిషి పోతే, అతను ఎక్కి తిరిగిన గుర్రాన్ని చంపేవారు. చావుకి వచ్చినవాళ్ళందరూ కూర్చుని ఆ మాంసం తినేవారు. తలా, మోకాళ్ళ కింది కాళ్ళూ తోలుతోనే ఉంచేసి, ఆ తోలుని పరిచి, కళ్ళెం తగిలించి, పోయినవాడి పక్కన పెట్టేవారు. అటువైపు వెళ్ళాక అతను ఎక్కి తిరగడానికి. తోలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, తలా కాళ్ళూ మిగిలాయి. ఇదంతా ధర్మారావు గారికి ఆమె ముందే చెప్పింది, ఆయన ఇంట్లోనే, ఆయన పెట్టిన ఉప్మా తింటూ. అప్పుడాయన తల ఊపారు. చెక్కు రాసేవాళ్ళు తల ఊపడం వినడం కిందికి రాదని త్రివేణికి ఇప్పుడు తెలిసింది.

“అంకుల్, అక్కడ లేని ఎముకలు ఎక్కడో పారేసుకున్నవి కావు. వాటి మీది మాంసం అందరూ తిన్నారు. ఆయన దినానికి ఎంతమంది వచ్చి ఉంటే ఒక గుర్రం మొత్తం ఖర్చయి ఉంటుంది? వాళ్ళు రాసుకోలేదు, పాటలు కూడా మనదాకా రాలేదు. ఆయన కోసం జనం వచ్చారనడానికి మిగిలిన సాక్ష్యం ఆ ఖాళీ ఒక్కటే. మీరు ప్లాస్టిక్ తెచ్చి ఆ ఖాళీలో కుక్కారు. ఆయన దినానికి వచ్చినవాళ్ళందర్నీ బయటికి గెంటేశారు” అంది త్రివేణి.

దినం అన్న మాట దగ్గర ధర్మారావు గారి ముఖం మారింది. ఆయన అన్నగారు భీమశంకరం కోవిడ్ రోజుల్లో ఇదే ఊళ్ళో, ఈయన ఇంట్లోనే పోయారు. ఆ సంగతి త్రివేణికి తెలుసు, కానీ గుర్తుపెట్టుకుని అన్నది కాదు. ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచారు.

“మా అన్నయ్య పెద్దకర్మకి వంటలన్నీ చేయించానమ్మా. అరటికాయ కూర, గారెలు, ఆయనకిష్టమని పులిహోర. ఒక్క మనిషి రాలేదు. రాకూడదు కదా అప్పుడు. అందరూ జూమ్‌లో దణ్ణం పెట్టారు. వండింది వండినట్టే తీసుకెళ్ళి పారబోశాం” అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “తీసేయమ్మా ఆ ప్లాస్టిక్. గోడమీద కూడా నువ్వు రాసిందే పెట్టు” అన్నారు. ఆయన వెళ్ళి గోడవారన ఉన్న బెంచీ మీద కూలబడ్డారు.

త్రివేణి కోపం అక్కడితో సగం దిగిపోయేదే. తన కార్డుతో గాజు తలుపు తెరిచి, చేతులకి గ్లౌజులు వేసుకుని, ప్లాస్టిక్ వెన్నెముకని ఒక్కో ముక్కే బయట పెట్టసాగింది. అన్నీ సుళువుగానే వచ్చాయి. మెడ ముక్క మాత్రం రాలేదు. పుర్రెకి అంటుకుపోయి ఉంది. వంగి చూసింది. పుర్రె వెనకవైపు, మెడ కలిసే చోట, మెరుస్తున్న బోల్టు తల ఒకటి కనిపించింది. కింద పరిచిన గుడ్డ మీద గోధుమరంగు పొడి చిటికెడు రాలి ఉంది. త్రివేణి దాన్ని వేలితో తాకి చూసింది. అది ఎముక పొడి.

పుర్రె కింద చెయ్యి పెట్టి మెల్లగా కదిపింది. టప్పుమని చిన్న శబ్దం. ప్లాస్టిక్ మెడ జారి పక్కకి పడింది, అరచేయంత ఎముక ముక్క ఒకటి బోల్టుతో సహా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. అంచుల వెంబడి ఎండిపోయిన జిగురు తెల్లగా మెరుస్తోంది. ముక్కకి నట్టనడుమ, బోల్టు చుట్టూ, యంత్రం మాత్రమే చేయగలిగినంత గుండ్రంగా, ఒక రంధ్రం.

వెయ్యేళ్ళు మట్టి మోసింది, యుద్ధంలోంచి ఒక ముసలావిడ శాలువాలో చుట్టి దాటించింది, సముద్రం దాటి వచ్చింది. ఫార్మింగ్టన్ హిల్స్ చేరాక దీనికి డ్రిల్లు పెట్టారు. త్రివేణి ఆ ముక్కతోనే వెనక్కి తిరిగింది. దుఃఖంతో కాదు, పట్టలేని కోపంతో. ఈసారి ఎవరిని అడగాలో ఆమెకి తెలుసు.

“శశీ, ఇది నువ్వు చేశావా?”

అతను దాచలేదు. దాచాలని కూడా అతనికి తోచలేదు, అదే ఘోరం. “తల ఊగుతుండె త్రివేణీ. ఎవలన్న తాకితే పడిపోతదని, నిన్న సాయంత్రం మళ్ళా వచ్చి ఒక్క బోల్ట్ ఏసిన. కొంచెం పగిలింది, సూపర్ గ్లూ పెట్టిన. కనబడకుంట మంచిగనే సెట్ చేసిన కదా” అన్నాడు. ఆ మీదట గొంతు తగ్గించి, “నీ కోసమే చేసిన. ఇన్నేళ్ళ సంది గుర్రం సగమే ఉందని రోజూ చెప్తుంటివి. నేనన్న పూర్తి చేస్తే సంతోషపడ్తవనుకున్న” అన్నాడు.

త్రివేణి అతన్ని తేరిపార చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి రాత్రి భోజనాల దగ్గర ఆమె చెప్పింది ఈ గుర్రం గురించే. అది సగమే ఎందుకుందో, ఆ సగమే ఎందుకు గొప్పో, ఆ ఒక్క మాట మీదే తన పరిశోధనంతా ఎలా నిలబడిందో. అతను కంచంలో చూస్తూ ఊఁ కొట్టేవాడు. వింటున్నాడు, పాపం, అలసిపోయి కూడా వింటున్నాడు అని ఆమె మురిసిపోయేది. సగం గుర్రం అన్న రెండు మాటలు చెవిన వేసుకుని, మిగతాదంతా వదిలేశాడన్న మాట. కారులో ఊడిన భాగం బిగించినట్టు ఆమె జీవితాన్ని బిగించేశాడు.

“నువ్వు ఒక్కసారైనా విన్నావా? ఒక్కసారైనా?” అని మాత్రం అడిగింది. అంతలోనే బూట్ల చప్పుడు వినిపించి హెలెన్ లోపలికి వచ్చింది.

హెలెన్ పగిలిన పుర్రెని చూసింది. త్రివేణి చేతిలో ముక్కని చూసింది. తర్వాత గోడ గడియారం చూసింది. ఆమె అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు. ఆ రంధ్రం పడిన ముక్కని తీసి లోపల పెట్టేస్తే, మిగిలింది మామూలుగా విరిగినట్టే కనిపిస్తుందని తేల్చింది. ప్రయాణంలో దెబ్బతిన్నదని చెబుదాం, సర్దింది వాళ్ళే కాబట్టి మన మీదికి రాదు, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అక్కడే విచారించుకుంటారు అంది. కాఫీలో పంచదార తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ పెట్టె విప్పినప్పుడు తనూ పక్కనే నిలబడి, పుర్రె ఎంత చక్కగా ఉందోనని ఫోటో తీసుకున్న మనిషే ఆమె.

అంటే తప్పు ఒక్సానాది అవుతుంది. ఊళ్ళో మ్యూజియానికి కప్పు కూడా లేని రోజుల్లో, చలిలో, తన శాలువా తీసి ఈ ఎముకకి చుట్టిన మనిషి, చేతకాక విరగ్గొట్టిందన్న పేరు మోయాలి. త్రివేణి అది కుదరదని చెప్పింది. హెలెన్ అరవలేదు. త్రివేణి హెచ్-వన్ వీసా పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టవలసింది తనేనన్న సంగతిని జాలిపడుతున్నట్టు గుర్తుచేసి, ఆలోచించుకో అంది.

శశికాంత్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. “ఒప్పుకో త్రివేణీ. నీ జాబ్ ఉంటది. పోలీస్ రిపోర్ట్ అయితే నా గ్రీన్ కార్డ్ ఏమైతదో తెలుసా? ఇన్నేళ్ళు వెయిట్ చేసినం. ఆ పెద్దావిడకు ఏమైతది, చెప్పు? మల్ల వాళ్ళూరికి పోతది, అంతే కదా.”

“ఆవిడకి ఊరు లేదు శశీ. ఇల్లు లేదు. ఆవిడ దగ్గర మిగిలింది, జాగ్రత్తైన మనిషి అన్న ఆ ఒక్క పేరు. అది కూడా లాక్కుందామా?” అని త్రివేణి మోచెయ్యి విడిపించుకుంది. పచ్చి అబద్ధానికి పక్కన నిలబడమంటున్నవాడు తన మొగుడే కావడం ఆమెకి అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించింది. బెంచీ మీంచి ధర్మారావు గారు తలెత్తి, ప్రయాణంలో విరిగిందన్న ఆ అబద్ధం మాత్రం తన పేరున్న చోట చెప్పొద్దని ఇంగ్లీషులో గట్టిగా అన్నారు. హెలెన్ వినిపించుకోలేదు. ఎందుకంటే అప్పటికే గుమ్మంలో ఒక్సానా నిలబడి ఉంది.

పొట్టి మనిషి. బూడిదరంగు కోటు, చేతిలో చిన్న సంచీ. ఎవరినీ పలకరించకుండా తిన్నగా గాజుపెట్టె దగ్గరికి వచ్చింది, ఆసుపత్రిలో ఉన్న బిడ్డ దగ్గరికి వచ్చే తల్లిలా. హెలెన్ ముందుకు వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, చాలా బాధగా ఉందనీ, దారిలో కుదుపులకి పుర్రె వెనకభాగం విరిగిందనీ, ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం తమకి లేదనీ చెప్పింది. ఒక్సానా విరిగిన అంచుని చూసింది. ఆవిడ ముఖంలో కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. త్రివేణి వైపు తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో క్షమించమని అడిగింది. శాలువా చాలలేదేమో, రెండు చుట్టలు చుట్టి ఉండాల్సింది, కరెంటు లేదు, చీకట్లో సర్దాను, నా తప్పే, అంది. అంటూ ఆ గాజు అంచుని పట్టుకుని ఏడ్చేసింది.

ఇక త్రివేణి ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. వీసా ఏమవుతుందో, సంసారం ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు. పిడికిలి విప్పి, బోల్టుతో సహా ఆ ముక్కని తీసుకెళ్ళి ఒక్సానా అరచేతిలో పెట్టింది.

“మీ శాలువా చాలింది. పెట్టె విప్పినప్పుడు దీనిమీద గీత కూడా లేదు, హెలెన్ కూడా చూసింది. దీన్ని డ్రిల్లుతో తొలిచారు. నిన్న, ఈ గదిలోనే. తొలిచింది ఈయన, నా భర్త” అంది.

బయట బస్సు ఆగిన చప్పుడు, తెలుగులో పిల్లల్ని కేకేస్తున్న తల్లుల గొంతులు వినిపించాయి. ఒక్సానా బోల్టుని బయటికి లాగి, ఆ రంధ్రంలోంచి అవతలి వెలుతురు చూసింది. కన్నీళ్ళు అలాగే ఉన్నాయి గానీ నడుము నిటారుగా అయింది. పోలీసుల్ని పిలవండి అని నెమ్మదిగా చెప్పింది.

హెలెన్ ముఖంలో రంగు మారలేదు. తప్పకుండా పిలుద్దాం అంది. ఆమె లెక్క అప్పటికే మారిపోయింది. ఈ గాజుపెట్టె తాళం తెరిచే కార్డులు రెండే ఉన్నాయనీ, ఒకటి తన దగ్గరా, ఒకటి త్రివేణి దగ్గరా ఉంటాయనీ ఒక్సానాకి వివరించింది. నిన్న సాయంత్రం తను లాన్సింగ్‌లో మీటింగులో ఉంది, కార్డు తన మెళ్ళోనే ఉంది. మరి ఈయన లోపలికి ఎవరి కార్డుతో వచ్చినట్టు, అని శశికాంత్ వైపు తిరిగి అడిగింది.

త్రివేణి ఆష్‌బర్న్ వెళ్ళేటప్పుడు తన కార్డుని వంటింటి సొరుగులో పడేసి వెళ్ళింది. మధ్యాహ్నం అక్కడే దొరికితే తీసుకుని వచ్చింది. దాన్ని ఎవరు వాడారో ఆమెకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. చెప్పకుండా తీసుకున్నాను అని అతను ఒక్క మాట అంటే చాలు. ఆమె కూడా అతని వైపే చూసింది. ఒక్సానా చూసింది, ధర్మారావు గారు బెంచీ మీంచి లేచి నిలబడి చూశారు.

శశికాంత్ గొంతు సవరించుకున్నాడు. ఆఫీసు మీటింగుల్లో మాట్లాడే శుభ్రమైన ఇంగ్లీషులో, భార్య ముఖం చూడకుండా చెప్పాడు.

“కార్డు త్రివేణే ఇచ్చింది. బోల్ట్ వేయమన్నది కూడా తనే.”